ఒకే వీడియోను రెండు మూడు ప్రొజెక్టర్లపై చూపించడం ఎలా?

ముందు ఒక విషయం తేల్చుకోండి. ప్రతి తెర మీదా అదే బొమ్మ కనిపించాలా, లేక ఒకే బొమ్మ అన్ని తెరల మీదా పరచుకోవాలా? ఈ తేడా తెలియక నేను మొదటిసారి స్ప్లిట్టర్ (ఒకే బొమ్మను చాలా తెరలకు పంచే చిన్న పెట్టె) కొని తెచ్చాను. గోడంతా ఒకే దృశ్యం వస్తుందనుకుంటే, పక్కపక్కన కవలపిల్లల్లా రెండు బొమ్మలు వచ్చాయి.

అన్నిటి మీదా అదే బొమ్మ చాలనుకుంటే పని తేలిక. హెచ్‌డీఎంఐ స్ప్లిట్టర్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి, దాని నుంచి ఒక్కో ప్రొజెక్టర్‌కు ఒక్కో కేబుల్ లాగండి. ప్రొజెక్టర్ల రిజల్యూషన్ వేరువేరుగా ఉంటే చాలా స్ప్లిట్టర్లు తక్కువదానికే దిగిపోతాయి, కాబట్టి అన్నీ ఒకే రకమైతే మంచిది. కేబుల్ పది మీటర్లు దాటాలంటే మామూలు రాగి కేబుల్‌ను నమ్ముకోవద్దు, ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకోండి.

అసలు కష్టం పరచడంలోనే ఉంది. మొదట ఎన్ని ప్రొజెక్టర్లో అన్ని వీడియో అవుట్‌పుట్లున్న కంప్యూటర్ కావాలి. విండోస్‌లో విండోస్ కీ, పి కలిపి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో తెరల గుర్తులను నిజంగా ఉన్న వరుసలోనే, పై అంచులు సమంగా ఉండేలా జరపండి. ఇప్పుడు ఫుల్ స్క్రీన్ నొక్కితే వీడియో ఒక్క తెరనే నింపుతుంది. అందుకని ప్లేయర్ విండోనే అంచు పట్టుకుని అన్ని తెరల మీదికీ లాగాలి. లేదంటే గ్రాఫిక్స్ కార్డులతో వచ్చే ఎన్‌విడియా సరౌండ్, ఏఎండీ ఐఫినిటీ లాంటి సౌకర్యాలు వాడండి. ఇవి తెరలన్నిటినీ కలిపి విండోస్‌కు ఒకే పెద్ద మానిటర్‌గా చూపిస్తాయి. మ్యాక్‌లో అయితే ‘డిస్‌ప్లేస్ హావ్ సెపరేట్ స్పేసెస్’ ఆఫ్ చేసి, ఒకసారి లాగౌట్ అయి రండి. అది ఆన్‌లో ఉన్నంతసేపూ విండో రెండు తెరల మీద పరచుకోదు.

తర్వాత అతుకు సంగతి. రెండు బొమ్మలను అంచుకు అంచు ఆనించి పెడితే మధ్యలో ఒక గీత కనబడి తీరుతుంది. 1952లో మూడు ప్రొజెక్టర్లతో మొదలైన సినెరమా అనే వెడల్పు తెర సినిమా పద్ధతికీ ఇదే తలనొప్పి. ఆ గీతను మసకబరచడానికి ప్రొజెక్టర్ లోపల బొమ్మ అంచు దగ్గర దువ్వెనపళ్లలాంటి ముక్కను ఆడించేవాళ్లు. అయినా గీత పూర్తిగా పోలేదు! ఇప్పుడు ఆ పని ఎడ్జ్ బ్లెండింగ్ చేస్తుంది. రెండు బొమ్మలనూ దాదాపు ఇరవై శాతం ఒకదాని మీద ఒకటి పడేలా పెడతారు. ఆ భాగంలో ఒకదాని వెలుతురు మెల్లగా తగ్గుతుంటే రెండోది పెరుగుతుంది. రిజల్యూమ్ అరీనా, మ్యాడ్‌మ్యాపర్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఈ సౌకర్యం ఉంది, కొన్ని ప్రొజెక్టర్లకైతే లోపలే అమర్చి ఉంటుంది.

లెక్క కూడా చూసుకోండి. 1920×1080 ప్రొజెక్టర్లు రెండు, వాటి మధ్య ఇరవై శాతం అంటే 384 పిక్సెళ్లు కలిశాయనుకుందాం. మొత్తం బొమ్మ 3456×1080 అవుతుంది. మామూలు వీడియోను ఆ వెడల్పు నిండేలా పెంచితే పైనా కిందా కలిపి నలభై శాతానికి పైగా కత్తిరించుకుపోతుంది, మనుషులుంటే తలలు ఎగిరిపోతాయి. కాబట్టి వీడియోను మొదటి నుంచీ ఆ కొలతకే ఎడిట్ చేయించుకోండి. ఆ ఓపిక లేకపోతే పరచడం మానేసి ఒకే తెరను పెద్దది చేసుకోవడం మేలని నా అభిప్రాయం.

బిగించేటప్పుడు గళ్ల బొమ్మ ఒకటి వేసి గీతలు కలిసేదాకా ప్రొజెక్టర్లనే జరపండి. వంకరగా పడ్డ బొమ్మను నిటారు చేసే కీస్టోన్ బటన్‌తో సరిచేస్తే బొమ్మ కాస్త మసకబారుతుంది, అతుకు సరిపెట్టడమూ కష్టమవుతుంది. రంగులు సరిచూసే ముందు ప్రొజెక్టర్లను అరగంట వెలగనివ్వండి, లేకపోతే వేడెక్కేకొద్దీ రంగు మారిపోయి మళ్లీ మొదటికొస్తుంది. అంతా కుదిరాక కూడా చీకటి దృశ్యాల్లో అతుకు దగ్గర బూడిదరంగు పట్టీ కనిపిస్తే కంగారుపడకండి. ప్రొజెక్టర్ నలుపు పూర్తి నలుపు కాదు, ఆ పట్టీలో రెండు ప్రొజెక్టర్ల వెలుతురూ పడుతోంది. సాఫ్ట్‌వేర్‌లో బ్లాక్ లెవెల్ సర్దుబాటు ఉంటే మిగతా తెరను కూడా అంతే కొద్దిగా వెలిగించండి. ఆ తర్వాత ప్రొజెక్టర్ కాళ్ల చుట్టూ టేపుతో గుర్తు పెట్టండి, ఎవరో ఒకరు తగలక మానరు.