తడి ఇసుక క్యాబిన్‌లోకి రాకుండా

సముద్రం పక్కన క్యాబిన్‌లో (అద్దెకిచ్చే చిన్న చెక్క ఇల్లు) దిగితే ఇసుకతోనే తంటా. అమెరికాలోని ఒరెగాన్‌లో ఫోర్ట్ స్టీవెన్స్ స్టేట్ పార్కుకి పిల్లలతో వెళ్ళాం. 1906లో ఒడ్డుకెక్కిపోయిన పీటర్ ఐర్‌డేల్ ఓడ అస్థిపంజరం తుప్పు పట్టి ఇంకా అక్కడే ఉంది. దాని చుట్టూ ఆడొచ్చేసరికి మోకాళ్ళ దాకా తడి ఇసుక. కడిగినా పూర్తిగా పోదు, రాత్రి దుప్పట్లో గరగరలాడుతుంది. ఆ దుప్పట్లూ మనం ఇంటి నుంచి మోసుకెళ్ళినవే, మార్చుకోవడానికి రెండో జత ఎక్కడిది!

ఉతికిన పాత సాక్సు ఒకటి తీసుకుని అందులో నాలుగు పెద్ద చెంచాల కార్న్‌స్టార్చ్ (మన దగ్గర కార్న్‌ఫ్లోర్ అనే తెల్లటి మెత్తటి పిండి) పోసి మూతి ముడేయండి. పిల్లల్ని గుమ్మం బయటే నిలబెట్టి, ముందు పొడి టవల్‌తో కాళ్ళు అద్దాలి, రుద్దకూడదు. తర్వాత ఆ సాక్సుతో మోకాలి నుంచి కిందికి తడుతూ రండి, పౌడర్ అద్దినట్టు. వేళ్ళ సందులు మర్చిపోవద్దు. ఒక్క నిమిషం ఆగి చేత్తో దులిపితే చెమ్మ పిండికి పట్టేసి ఇసుక జలజలా రాలిపోతుంది. మా నలుగురికీ రెండు పూటలు సరిపోయింది.

నీళ్ళు కారుతున్న కాళ్ళకి మాత్రం పనికిరాదు. పిండి ముద్దయి అట్టు కట్టేస్తుంది, అప్పుడు ఇసుకకి తోడు జిగురు కూడా. వాన పడుతుంటే (అక్కడ తరచూ పడుతుంది) చూరు కిందికొచ్చాకే మొదలెట్టండి. గీరుకున్న చోట అద్దకండి.