పాత రైల్వే స్టేషన్ ఇంట్లో తొలి చలికాలమా? అక్టోబరులోనే ఇవి చూసుకోండి

1963లో బ్రిటన్ రైల్వే బోర్డు ఛైర్మన్ బీచింగ్ ఇచ్చిన నివేదిక అక్కడ 2,363 స్టేషన్లు మూసేయమంది. అలా రైలు ఆగడం మానేసిన స్టేషన్లలో కొన్ని ఇప్పుడు కాపురాలుండే ఇళ్లు. ఉత్తర ఇంగ్లాండు పల్లెలో మేముండేదీ అలాంటిదే. ఈ ఏడాది అలాంటి ఇంట్లో దిగిన మనవాళ్ల కోసం రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు వాననీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. ప్లాట్‌ఫాం మీది పందిరి నీళ్లు చాలా స్టేషన్లలో దాన్ని మోసే ఇనుప స్తంభాల్లోంచే కిందికి దిగుతాయి. స్తంభం లోపల బోలు. ఆకులు అడ్డుపడి నీళ్లు నిలిచాయంటే, గట్టి చలి రాత్రి గడ్డకట్టి పోత ఇనుమును పగలగొడతాయి. మా ఇంట్లో ఒక స్తంభం అలాగే నిలువునా చీలింది. అలాంటిదే మళ్లీ పోత పోయించడానికి నెలలు పట్టింది. అందుకే ఆకురాలు కాలం అయిపోగానే చూరు గొట్టాలు శుభ్రం చేయించి, పైనుంచి ఒక బకెట్ నీళ్లు పోయించండి. అవి కిందికి వచ్చేదాకా అక్కడే నిలబడి చూడండి.

గోడ చెమ్మగా ఉందని సిమెంటు మాత్రం పూయించకండి. మన మండువా ఇళ్లకు వాడిన గానుగ సున్నం లాంటిదే ఇక్కడి పాత రాతి గోడల్లోనూ ఉంటుంది. గోడ పీల్చిన తేమ ఆ సున్నం సందుల్లోంచే బయటికి పోవాలి. సిమెంటు ఆ దారి మూసేస్తే తేమ రాతిలోనే ఉండిపోయి, చలికి రాయి పెచ్చులు లేస్తుంది. మన వంటల ఆవిరి తక్కువేం కాదు. పప్పు ఉడికేటప్పుడు ఎంత చలైనా కిటికీ కాస్త తీసి ఉంచండి.

ఇల్లు వారసత్వ కట్టడాల జాబితాలో ఉంటే కిటికీలు మార్చాలన్నా ముందు స్థానిక కౌన్సిల్ అనుమతి తీసుకోవాలి. అది లేకుండా మార్చడం నేరం. అటక మీద గబ్బిలాలు కనిపిస్తే కదిలించకండి, వాటికీ చట్టం రక్షణ ఉంది.

కట్టెల పొయ్యి వెలిగించే ముందు పొగగొట్టం ఊడ్పించి, గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. ఆ వాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పెరట్లో పట్టాల కింద వేసే పాత చెక్క దుంగలు (స్లీపర్లు) పడి ఉంటే పొయ్యిలో వేయకండి. అవి చెక్క పుచ్చకుండా వాడే క్రియోసోట్ అనే తారు నూనెలో నానినవి, ఆ పొగ విషం.

ప్లాట్‌ఫాం అంచు పట్టాల మట్టం నుంచి దాదాపు మీటరు ఎత్తు. నాచు పట్టిన రాతి మీద మంచు పేరితే పెద్దవాళ్లకే కాలు నిలవదు. పిల్లలుంటే ఈ నెలలోనే కంచె వేయించండి. జారకుండా చల్లడానికి ఇసుక వాడండి, ఉప్పు రాతిని తినేస్తుంది.

కరెంటు పోతే 105కు ఫోన్ చేయాలి. ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు హీటింగ్ పూర్తిగా ఆపేసి వెళ్లకండి, గొట్టాల్లో నీళ్లు గడ్డకడతాయి. వెళ్లే ముందు బీమా కంపెనీకి చెప్పండి. ఇల్లు 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే గొట్టాలు పగిలిన నష్టానికి పైసా రాని పాలసీలు చాలానే ఉన్నాయి.