"నాకు లెన్సులు పడవు" అనేముందు ఇవి చూసుకోండి

నా మొదటి కాంటాక్ట్ లెన్సులు కోఠీలో ఒక కళ్లజోళ్ల షాపులో కొన్నాను. కళ్లజోడు చీటీ ఇస్తే, అతను దాని మీద పవర్ చూసి రెండు డబ్బాలు తీసి కౌంటర్ మీద పెట్టాడు, పరీక్ష అయిపోయింది. ఎనిమిది నెలలు ఎడమ కంట్లో నలుసు పడ్డట్టే తిరిగి, ఇక మనకు పడవులే అని అటకెక్కించేశాను. తర్వాత ఎప్పుడో కంటి ఆసుపత్రిలో అడిగారు, మీ కంటి వంపు ఎంత అని. అదొకటి కొలుస్తారని కూడా నాకు తెలియదు. కళ్లజోడు చీటీ వేరు, లెన్సు చీటీ వేరు. కింద చెప్పేవాటిలో సగం ఇబ్బందులు ఆ తేడా తెలియకే వస్తాయి.

పెట్టుకున్న మొదటి రోజు నుంచే మసక, తలనొప్పి

ముందు చిన్నది చూడండి: కుడిది ఎడమకి, ఎడమది కుడికి మారిపోయిందా, లెన్సు తిరగబడిందా. వేలి మీద పెట్టి పక్క నుంచి చూస్తే గిన్నెలా ఉండాలి, అంచులు బయటికి విచ్చుకుని పళ్లెంలా కనిపిస్తే తిరగబడినట్టే.

అది కాకపోతే పవర్. కళ్లజోడు కంటికి దాదాపు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్సు కంటినే అంటుకుని ఉంటుంది, కాబట్టి పవర్ 4 దాటిన దగ్గర్నుంచి రెండిటికీ ఒకే నంబర్ కుదరదు. కళ్లజోడు మైనస్ 6 ఉన్నవాళ్లకి లెన్సు మైనస్ 5.50 దగ్గర వస్తుంది. షాపులో మైనస్ 6 డబ్బానే చేతిలో పెడితే కన్ను రోజంతా అనవసరంగా కష్టపడుతుంది. కొనేముందు పరీక్షకి పెట్టే ట్రయల్ లెన్సు కంట్లో ఉండగానే పవర్ మళ్లీ చూసి సరిచేయమని అడగండి.

పొద్దున హాయి, సాయంత్రానికి మంట

ఇదే అందరినీ మోసం చేసేది. బిగుతు లెన్సు మొదట్లో చాలా సుఖంగా ఉంటుంది, కదలదు కాబట్టి గుచ్చుకోదు, ఎంత బాగుందో అని మనమే మెచ్చుకుంటాం. కానీ రెప్ప కొట్టినప్పుడు లెన్సు కాస్త కదిలితేనే దాని కిందికి కొత్త కన్నీరు వెళ్తుంది, పాతది చెత్తతో సహా బయటికి వస్తుంది. అది జరగకపోతే సాయంత్రానికి కన్ను ఎర్రబడుతుంది, లెన్సు తీశాక తెల్లగుడ్డు మీద గుండ్రంగా అచ్చు పడినట్టు కనిపిస్తుంది, తీయడానికి కూడా పట్టేసినట్టు ఉంటుంది.

డబ్బా మీద బీసీ అని 8.4, 8.6 లాంటి అంకె ఉంటుంది, లెన్సు వంపు అది. అంకె తగ్గేకొద్దీ వంపు ఎక్కువ, పట్టు ఎక్కువ. పక్కనే 14.2 లాంటిది వెడల్పు, మిల్లీమీటర్లలో. ఈ రెండూ చూడకుండా "అన్నీ ఒకటే మేడమ్" అనే చోట కొనకండి. పరిష్కారం వేరే వంపు లేదా వేరే కంపెనీ లెన్సు, అంతేగానీ చుక్కల మందు వేసుకుంటూ లాగించడం కాదు.

దీనికి తిరగేస్తే వదులు లెన్సు. రెప్ప కొట్టిన ప్రతిసారీ చూపు చెదిరి మళ్లీ కుదురుకుంటుంది, అంచు తగులుతూనే ఉంటుంది, బండి మీద గాలికి పక్కకి జారిపోతుంది.

ఎరుపుతో పాటు నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, పుసులు, చూపు తగ్గడం

ఇక్కడ ఫిట్టింగ్ ఆలోచనలు ఆపండి. లెన్సు తీసేయండి, అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. హైదరాబాద్‌లో అయితే బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, మెహదీపట్నంలో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. తీసిన లెన్సు, దాన్ని నానబెట్టే డబ్బీ పారేయకుండా వెంట తీసుకెళ్లండి, క్రిమి ఏదో తెలుసుకోవడానికి పనికొస్తాయి. మెడికల్ షాపులో అడిగి చుక్కలు వేసుకోవడం మాత్రం వద్దు, అందులో స్టెరాయిడ్ ఉంటే ఇన్ఫెక్షన్ ఇంకా ముదురుతుంది.

ఈ ఇన్ఫెక్షన్‌కి ఒక దారి నీళ్లు. మంజీరా అయినా బోరైనా సంపులోంచి ట్యాంకుకెక్కి వచ్చిన నీళ్లతో లెన్సు గానీ డబ్బీ గానీ కడగకండి, లెన్సులు కంట్లో ఉండగా స్నానం చేయకండి. అకాంతమీబా అనే సూక్ష్మజీవి కుళాయి నీళ్లలో ఉండొచ్చు, అది నల్లగుడ్డుకి పడితే నెలల తరబడి వైద్యం. ఆర్వో నీళ్లు కూడా లెన్సుకి పనికిరావు. డబ్బీలో లెన్సు నానబెట్టే సొల్యూషన్ రోజూ కొత్తది పోయాలి, నిన్నటిదాని మీద ఇంకాస్త పోసి మూత పెట్టడం కాదు. డబ్బీ మూడు నెలలకోసారి మార్చేయండి.

ఒకసారి బాగా కనిపిస్తుంది, ఒకసారి అక్షరాలకి నీడ

సిలిండర్ పవర్, అంటే కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనివాళ్లకి వచ్చే పవర్, ఉన్నవాళ్ల గొడవ ఇది. దాన్ని సరిదిద్దే టోరిక్ లెన్సు కంట్లో ఒకే కోణంలో నిలబడాలి, 10 డిగ్రీలు తిరిగితే సిలిండర్‌లో మూడో వంతు సరిదిద్దనట్టే మిగిలిపోతుంది. లెన్సు మీద సన్నని గీతలుంటాయి, పరీక్ష చేసేవాళ్లు స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోపులో చూసి అది ఎటు తిరిగిందో లెక్కగట్టి కోణం మారుస్తారు. సిలిండర్ ఉన్నా మామూలు లెన్సే అంటగట్టారేమో కూడా చూసుకోండి. ఇక సిలిండర్ ఏటా పెరుగుతూ, కళ్లు నలిపే అలవాటు కూడా ఉంటే కంటి వంపుని మ్యాపులా తీసే టోపోగ్రఫీ చేయించండి, నల్లగుడ్డు పలచబడి ముందుకి పొడుచుకొచ్చే కెరటోకోనస్ అయ్యుండొచ్చు. దానికి గట్టి లెన్సులు, తెల్లగుడ్డు మీద ఆనే స్క్లెరల్ లెన్సులు వేరే ఉంటాయి.

ఆఫీసులోనే ఎండిపోతున్నాయి

ఉప్పల్ నుంచి మాదాపూర్ దాకా హెల్మెట్ అద్దం పైకెత్తి దుమ్ములో వచ్చి, నేరుగా ఏసీ కింద కూర్చుని పది గంటలు స్క్రీన్ చూస్తే ఏ లెన్సు మాత్రం ఏం చేస్తుంది. స్క్రీన్ చూస్తున్నప్పుడు రెప్ప కొట్టడం సగానికి పడిపోతుంది. ఏసీ గాలి మొహం మీదికి రాని చోట కూర్చోండి, లెన్సు మీద వేసుకోదగ్గవని రాసున్న చుక్కలే వాడండి. పరీక్షలో కన్నీటి పొర ఎన్ని సెకన్లు నిలుస్తుందో చూస్తారు, 10 లోపే చెదిరిపోతే పొడికన్ను సంగతి ముందు తేల్చుకోవాలి. నెలవారీవి వదిలి ఏ రోజుకారోజు పారేసే రకానికి మారితే చాలామందికి తేలికవుతుంది, ఖర్చు మాత్రం తేలిక కాదు.

తీశాక దురద, పై రెప్ప కింద గరుకు అంటే లెన్సు మీద పేరుకున్న మురికికి లోపలి రెప్ప పొక్కుతోందని అనుమానించాలి. నెలవారీ లెన్సు తెరిచిన 30 రోజులకి పోవాలి, మీరు పెట్టుకున్నది నాలుగు పెళ్లిళ్లకే అయినా సరే. నలభై దాటి మెనూ కార్డు దూరంగా పట్టుకుంటున్నారంటే చత్వారం, దూరానికీ దగ్గరికీ పనికొచ్చే మల్టీఫోకల్ లెన్సుల గురించి అడగండి.

పరీక్షకి వెళ్లేటప్పుడు

పాత డబ్బాలు తీసుకెళ్లండి. లెన్సు పెట్టుకుని రావాలా, కొన్ని రోజులు మానేసి రావాలా అని అపాయింట్‌మెంట్ అప్పుడే అడగండి, ఎందుకంటే ఉన్న లెన్సు బిగుతు చూడాలంటే అది కంట్లో ఉండాలి, కంటి వంపు కొలవాలంటే మానేసి ఉండాలి. ట్రయల్ లెన్సు పెట్టి పదిహేను ఇరవై నిమిషాలైనా కూర్చోబెట్టకుండా, రెప్ప కొట్టించి కదలిక చూడకుండా "సరిపోయింది" అంటే లేచి రండి. వారం తర్వాత మళ్లీ వెళ్లండి, అదీ సాయంత్రం, లెన్సు కొన్ని గంటలు కంట్లో ఉన్నాక. నా ఇబ్బందిని పట్టుకున్నది ఆ సాయంత్రం పరీక్షే, పొద్దున చూసినప్పుడు ఎడమ లెన్సు కూడా బాగానే ఉందన్నారు.

చివర్లో లెన్సు చీటీ విడిగా రాయించుకోండి, ఒక్కో కంటికి పవర్, వంపు, వెడల్పు, కంపెనీ రకం అన్నీ. ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. మళ్లీ కొన్నప్పుడు డబ్బా మీద అంకెలు ఇంటికొచ్చాక కాకుండా కౌంటర్ దగ్గరే సరిచూసుకోండి, సీలు తెరిచాక ఏ షాపువాడూ వెనక్కి తీసుకోడు.