అవుట్‌కమ్ 5 వచ్చినప్పుడు నేనేం చేశానంటే

ఇంగ్లండులో ట్రైనీ డాక్టర్లకు ఏటా ఏఆర్‌సీపీ అనే సమీక్ష ఉంటుంది. నిరుడు నాకు అవుట్‌కమ్ 5 వచ్చింది. ఫెయిలయ్యాననుకుని ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోలేదు. తెల్లారి లెటర్ నిదానంగా చదివితే అర్థమైంది: ఆధారాలు పూర్తిగా లేవు, అంతే. రెండు వారాల గడువిచ్చారు.

లేనివి రెండే. ఫామ్ ఆర్ పార్ట్ బీ, అంటే ట్రైనీ తన గురించి తానే ఇచ్చే డిక్లరేషన్, ఆ పూటే నింపేశాను, అందులో రాయాల్సిన సిక్ లీవు రోజులు డ్యూటీల రోటాతో సరిచూసుకుని మరీ. సూపర్‌వైజర్ రిపోర్టు మాత్రం పోర్ట్‌ఫోలియోలో (మా ఆన్‌లైన్ ట్రైనింగ్ రికార్డు) డ్రాఫ్టులోనే ఆగిపోయింది; ఆయన రాశారు, సబ్మిట్ నొక్కలేదు. మెయిళ్లకు జవాబు లేదు. క్లినిక్ అయ్యేదాకా గది బయట నిలబడి, ఫోన్‌లో ఆ పేజీ తెరిచి చూపించాను. పాపం, ఆయన చాలా బాధపడ్డారు. అక్కడికక్కడే పంపేశారు.

సమీక్ష ప్యానెల్ మళ్లీ చూసి అవుట్‌కమ్ 1 ఇచ్చింది, అంటే అంతా సవ్యంగా ఉందని. ఈ ఏడాది సమీక్షకు ఒక నెల ముందే పోర్ట్‌ఫోలియో తెరిచి, డ్రాఫ్టులో ఏమైనా మిగిలాయేమో చూసుకున్నాను.