ఇండక్టివ్ టచ్ బటన్ నొక్కకుండానే నొక్కినట్టు పడిపోతుంటే ఏం చేయాలి?

ఫిషింగ్ హార్బర్ లాంటి చోట తడి చేతులతో, గ్లోవ్స్‌తో నొక్కే ప్యానెల్ చేయాలంటే నా ఓటు ఇండక్టివ్‌కే. ముందు అల్యూమినియం రేకు, వెనక కాయిల్. నొక్కితే రేకు కొన్ని మైక్రాన్లు వంగి కాయిల్ ఇండక్టెన్స్ (కరెంట్ మార్పుని అడ్డుకునే గుణం) కొంచెం తగ్గుతుంది, ఆ తగ్గుదలే నొక్కినట్టు గుర్తు, అంతే. 1 మెగాహెర్ట్జ్ దగ్గర ఎడ్డీ కరెంట్లు, అంటే కాయిల్ వల్ల లోహంలో సుడులు తిరిగే కరెంట్లు, అల్యూమినియంలో సుమారు 0.08 మిల్లీమీటర్ల లోతులోనే ఎక్కువగా ఉంటాయి కాబట్టి 1 మిల్లీమీటర్ రేకు పైన నీళ్లు పడ్డా, తాళంచెవులు పెట్టినా కాయిల్‌కి తెలీదు.

కానీ మా మూడు బటన్ల ప్యానెల్ మొదట్లో బాగా ఏడిపించింది, మధ్యది నొక్కితే పక్కది కూడా పడేది, అంచు పట్టుకుని కాస్త మెలితిప్పితే మూడూ పడిపోయేవి. త్రెషోల్డ్ (నొక్కినట్టు లెక్కేసే లెవెల్) పెంచితే మెల్లగా నొక్కినప్పుడు అసలు పలకడం మానేసింది. అందుకే కోడ్ జోలికి వెళ్లేముందు స్క్రూడ్రైవర్ పట్టుకోండి అంటాను.

ముందు మూడు కాయిల్స్ రీడింగ్ ల్యాప్‌టాప్‌లో పక్కపక్కన పెట్టుకుని ఒక్కో బటన్ నొక్కండి, రెండింటి మధ్య నొక్కండి, అంచు మెలితిప్పండి, అన్నీ రాసుకోండి. పక్క బటన్ రీడింగ్ కూడా గట్టిగా కదిలితే తప్పు రేకు బిగింపులోనే ఉంది.

తర్వాత బటన్‌కీ బటన్‌కీ మధ్య వెనక నుంచి గట్టి సపోర్ట్ ఇవ్వండి, ఇరుపక్కలా స్క్రూ ఉంటే ఇంకా మంచిది. మందం సగమైతే రేకు దాదాపు 8 రెట్లు ఎక్కువ వంగుతుంది, కాబట్టి రేకు మొత్తం పలచన చేయకుండా బటన్ వెనక మాత్రమే మిల్లింగ్ చేయించండి. విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో మిల్లింగ్ మెషీన్ ఉన్న వర్క్‌షాప్‌కి డ్రాయింగ్ తీసుకెళ్లి చూపిస్తే చాలు.

కాయిల్ బోర్డుని డబ్బా అడుగుకి బిగించకండి, రేకుకే బిగించండి, అప్పుడు డబ్బా వంగినా రెండూ కలిసే కదులుతాయి. మధ్యలో ఫోమ్ టేప్ వద్దు, ఎండకి మెత్తబడి గ్యాప్ మారిపోతుంది. మేము 10 మిల్లీమీటర్ల కాయిల్‌కి 0.2 మిల్లీమీటర్ల గట్టి స్పేసర్ వేశాం, అంచులు సీల్ చేశాం, లేదంటే సముద్రపు గాలికి ఉప్పు చేరి తుప్పు మొదలవుతుంది. కాయిల్ వెనక వదులుగా వైర్లు, స్క్రూలు లేకుండా చూస్కోండి, అటువైపు కదిలే లోహం కాయిల్‌కి బాగా తెలుస్తుంది.

ఇప్పుడు కోడ్. ఎండకి నెమ్మదిగా మారే రీడింగ్‌తో పాటు బేస్‌లైన్ (నొక్కనప్పటి రీడింగ్) కూడా మారాలి, కానీ బటన్ నొక్కి ఉన్నంతసేపూ దాన్ని ఆపేయాలి, లేకపోతే ఎక్కువసేపు నొక్కితే మధ్యలోనే వదిలేసినట్టు అవుతుంది. పడే లెవెల్ కన్నా వదిలే లెవెల్ తక్కువ పెట్టండి. సెకనుకి 40 రీడింగ్‌లు తీస్తుంటే వరసగా 3 దాటితేనే, అంటే 75 మిల్లీసెకన్లకి, నొక్కినట్టు లెక్క. రెండు కలిసి కదిలితే పెద్దదే తీసుకోండి, మూడూ సమానంగా కదిలితే మెలికే, వదిలేయండి.

మోటార్ ఎమర్జెన్సీ స్టాప్‌కి మాత్రం ఇది వాడొద్దు, అక్కడ ఎర్ర మష్రూమ్ స్విచ్చే ఉండాలి. అంతా బిగించాక మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు పెట్టి, తడి చేత్తో అంచు మెలితిప్పి, మొదట రాసుకున్న రీడింగ్‌లతో మళ్లీ పోల్చి చూడండి.