లైట్నింగ్‌తో బిట్‌కాయిన్ చెల్లింపు ఎలా చేయాలి?

2017 డిసెంబరులో బిట్‌కాయిన్‌తో చిన్న వస్తువు కొనాలంటే, వస్తువు ధర కంటే ఫీజే ఎక్కువయ్యేది. ఫీజు 20 డాలర్ల దాకా వెళ్తోందని గేమ్‌లు అమ్మే స్టీమ్ ఆ నెలలోనే బిట్‌కాయిన్ తీసుకోవడం మానేసింది. బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ నమోదయ్యే ఉమ్మడి చిట్టా అయిన బ్లాక్‌చెయిన్‌లో సగటున పది నిమిషాలకు ఒక బ్లాక్ (లావాదేవీల కట్ట) చేరుతుంది, సెకనుకు సుమారు ఏడు లావాదేవీలకు మించి పట్టవు. రద్దీ పెరిగితే ఎక్కువ ఫీజు ఇచ్చినవాళ్ల పనే ముందు జరుగుతుంది.

ఈ చిక్కు విప్పే పనికి పూనుకున్నవాళ్లలో ఎలిజబెత్ స్టార్క్ ఒకరు. హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి, స్టాన్‌ఫర్డ్, యేల్ విశ్వవిద్యాలయాల్లో ఇంటర్నెట్ గురించి పాఠాలు చెప్పిన ఆమె, 2016లో ఒలవొలువ ఒసుంతోకున్‌తో కలిసి లైట్నింగ్ ల్యాబ్స్ మొదలుపెట్టారు. చెల్లింపుల్ని బ్లాక్‌చెయిన్ బయటే జరిపే లైట్నింగ్ నెట్‌వర్క్ ఆలోచన జోసెఫ్ పూన్, థాడియస్ డ్రైజాలది. దాన్ని జనం వాడుకోగల సాఫ్ట్‌వేర్‌గా మార్చే పనిలో ఆమె కంపెనీ దిగింది. 2018 మార్చిలో వాళ్ల సాఫ్ట్‌వేర్ ఎల్ఎన్‌డీ బీటా (పరీక్షా రూపం) వచ్చింది. పారిస్‌లోని అసింక్ లాంటి ఇతర కంపెనీలూ ఇదే నెట్‌వర్క్‌కి సాఫ్ట్‌వేర్ రాశాయి. కాబట్టి ఒక కంపెనీ వాలెట్ (బిట్‌కాయిన్ ఉంచుకుని పంపే యాప్) నుంచి ఇంకో కంపెనీ వాలెట్‌కి డబ్బు వెళ్తుంది. నాకు ఇందులో అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఈ గుణమే.

ముందు, వేగం ఎక్కడిదో తెలుసుకోండి

కిరాణా కొట్లో నెలంతా పుస్తకంలో రాసుకుని, నెలాఖరున ఒకేసారి లెక్క తేల్చుకున్నట్టే ఇదీ. తేడా ఏంటంటే, ఇక్కడ అప్పు ఉండదు. ఇద్దరి మధ్య చానెల్ (ఉమ్మడి ఖాతా లాంటిది) తెరిచేటప్పుడే బిట్‌కాయిన్ అందులో పెట్టి తాళం వేస్తారు. తర్వాత ఎన్నిసార్లు ఇచ్చిపుచ్చుకున్నా, ఎవరి వాటా ఎంతో చెప్పే లెక్క ఆ ఇద్దరి మధ్యే మారుతుంది. బ్లాక్‌చెయిన్‌కి ఎక్కేది తెరిచినప్పుడు, మూసినప్పుడు మాత్రమే. పాత లెక్క చూపించి ఎక్కువ లాక్కోవాలని ఒకరు చూస్తే, రెండోవాళ్లు గడువులోగా పట్టుకుని చానెల్‌లోని మొత్తం తీసేసుకోవచ్చు. మీకు నేరుగా చానెల్ లేనివాళ్లకి మధ్యలోని చానెళ్ల మీదుగా డబ్బు చేరుతుంది, ఆ మధ్యవాళ్లు దాన్ని కాజేయలేరు.

వాలెట్ ఎంచుకోండి

ఇక్కడ తొందరపడకండి. వాలెట్ ఆఫ్ సతోషి లాంటివి సులువుగా ఉంటాయి. కానీ మామూలుగా వాడితే డబ్బు కదిపే తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది, కంపెనీ మూతపడితే డబ్బు గతి చెప్పలేం. ఫీనిక్స్ లాంటి వాటిలో తాళంచెవి మీ దగ్గరే ఉంటుంది. నేను రెండో రకమే వాడమంటాను. అలాంటి వాలెట్ 12 లేదా 24 ఇంగ్లిష్ పదాలు ఇస్తుంది, మీ తాళంచెవి అవే. వాటిని వరుస తప్పకుండా కాగితం మీద రాసి, భద్రంగా దాచండి. స్క్రీన్‌షాట్ తీయొద్దు, వాట్సాప్‌లో పంపొద్దు. ఆ పదాలు అడిగేవాళ్లు ఎవరైనా సరే, కస్టమర్ కేర్ అన్నా సరే, దొంగలే అనుకోండి.

డబ్బు వేయండి

ఎక్స్‌ఛేంజ్‌లో (క్రిప్టో కొని అమ్మే చోట) కొన్న బిట్‌కాయిన్‌ని వాలెట్‌కి పంపాలి. ఒక బిట్‌కాయిన్‌కి 10 కోట్ల సతోషీలు, ఇక్కడ లెక్కంతా సతోషీల్లోనే. తాళంచెవి మీ దగ్గరుండే వాలెట్లో మొదటిసారి డబ్బు వేస్తే, చానెల్ తెరిచే ఖర్చు అందులోంచే పోతుంది. పోయినా టెన్షన్ పడనంత మొత్తంతోనే మొదలుపెట్టండి.

చెల్లించండి

అవతలివాళ్లని ఇన్‌వాయిస్ అడగండి. అది క్యూఆర్ కోడ్‌గానో, ‘ఎల్ఎన్‌బీసీ’ అనే అక్షరాలతో మొదలయ్యే పొడవాటి వరుసగానో వస్తుంది. మొత్తం, గడువు అందులోనే ఉంటాయి. వేరే గడువు పెట్టకపోతే గంటే చెల్లుతుంది. స్కాన్ చేశాక మొత్తం, ఫీజు రెండూ చూసుకుని పంపండి. మామూలుగా సెకన్లలో వెళ్లిపోతుంది. దారిలోని చానెళ్లలో తగినంత నిల్వ లేకపోతే ఆగిపోతుంది. అప్పుడు డబ్బు మీ దగ్గరే ఉంటుంది, తక్కువ మొత్తంతో మళ్లీ ప్రయత్నించండి. చెల్లింపు పూర్తయ్యాక వివరాల్లో ప్రీఇమేజ్ అనే పొడవాటి సంఖ్య కనిపిస్తుంది. అదే మీ రసీదు. డబ్బు రాలేదని అవతలివాళ్లంటే దాన్నే చూపించాలి. ఒకసారి పంపింది వెనక్కి రప్పించడానికి మాత్రం ఏ బ్యాంకూ ఉండదు.

2010లో రెండు పిజ్జాలకు 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చిన లాస్లో హన్యెట్జ్, 2018 ఫిబ్రవరిలో ఇదే పద్ధతిలో 6,49,000 సతోషీలకు మళ్లీ రెండు పిజ్జాలు తెప్పించుకున్నారు.

మన దేశంలో ఉంటే

టీ డబ్బులకి యూపీఐ ఉండగా ఇది అక్కర్లేదు. విదేశాల్లోని వాళ్లతో చిన్న మొత్తాలు ఇచ్చిపుచ్చుకునే చోటే దీని ఉపయోగం. భారత్‌లో క్రిప్టో చట్టబద్ధమైన కరెన్సీ కాదు. 2022 ఏప్రిల్ నుంచి దాని లాభంపై 30 శాతం పన్ను, పైన సెస్ ఉన్నాయి. నష్టాన్ని వేరే లాభంలోంచి తీసేసుకునే వీల్లేదు. బిట్‌కాయిన్ ఇచ్చి వస్తువు కొన్నా అది పన్ను లెక్కలో బదిలీ కిందికే వస్తుంది. అందుకే కొన్న తేదీ, ధర, ఖర్చు చేసిన రోజు ధర ఎప్పటికప్పుడు రాసుకోండి. రిటర్న్ వేసేటప్పుడు ఆ మూడూ కావాలి.