సీసా మీది పేరు కాదు, వెనక అంకెలు చూడండి

మొన్న వేసవిలో మా మేనల్లుడు విశాఖ నుంచి వస్తూ ఓ నల్ల సీసా పట్టుకొచ్చాడు. పావు లీటరు ద్రావణం. అట్ట మీద ఏడు వేళ్ల ఆకు బొమ్మ. "మావయ్యా, ఇది పోస్తే మిరప విరగబూస్తాదంట. ఆన్‌లైన్లో ఏడొందలెట్టి తెప్పించాను" అన్నాడు. ఆ ఆకు చూసి ముందు నేను ఉలిక్కిపడ్డాను. మా ఒడిశా రాయగడ చుట్టుపక్కల కొండల్లో ఆ పంట పేరెత్తితే పోలీసు జీపే గుర్తొస్తుంది మరి.

అది గంజాయి మొక్కల కోసం చేసిన మందు. కెనడాలో 2018 నుంచి ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు కాబట్టి అలాంటి చోట్ల వీటికి గిరాకీ. మన దగ్గర ఒక్క మొక్క పెంచినా 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద 10 ఏళ్ల దాకా శిక్ష. సీసాలోది మాత్రం నేరమేమీ కాదు, మామూలు ఎరువే. నా గొడవంతా ధర గురించే.

ఎరువుల కొట్టు కౌంటరు మీద 18 ఏళ్లుగా కూచుంటున్నవాణ్ణి. సీసా తిప్పి వెనక చూశాను. 0-10-10 అని ఉంది. మొదటి అంకె నత్రజని, రెండోది భాస్వరం, మూడోది పొటాష్. ఏ దేశం సీసా అయినా, ఏ కంపెనీ బస్తా అయినా వరస ఇదే. అంటే పావు లీటరులో భాస్వరం ఓ 25 గ్రాములు, పొటాష్ ఓ 25 గ్రాములు. మా కొట్లో 00:52:34 పొడి 50 గ్రాములు, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 16 గ్రాములు తూచి కాగితంలో పొట్లం కట్టి వాడి చేతిలో పెట్టాను. "ఇదీ నీ సీసా" అన్నాను. పాతిక రూపాయల సరుకు కూడా కాదది. వాడి మొహం చూడాల్సింది.

అందుకే డాబా మీద, పెరట్లో కుండీలు పెట్టుకున్నవాళ్లు కొట్టుకొచ్చి "పూతమందు ఇవ్వండి" అంటే నేను ముందు అడిగేది మట్టి గురించి. మా వైపుది ఎర్రమట్టి, పుల్లనేల. పులుపెక్కువైన మట్టిలో ఇనుము, అల్యూమినియం కలిసి భాస్వరాన్ని పట్టేస్తాయి. మీరెంత పోసినా వేరుకి అందదు. ఒడిశాలో ఇలాంటి పొలాలకి పులుపు విరగడానికి కాగితం మిల్లు నుంచి వచ్చే సున్నపు మడ్డి వేస్తారు. కుండీకి అంత హంగామా అక్కర్లేదు. పన్నెండంగుళాల కుండీ మట్టికి రెండు పెద్ద చెంచాల డోలమైట్ (ఒక రకం సున్నపురాయి) పొడి కలిపి, తడిపి, రెండు వారాలు వదిలేయండి. గత్తం, అంటే పశువుల ఎరువు (మా ఒడియా ఖాతాదార్లు ఖత అంటారు, మాట ఎంత దగ్గరో చూడండి) ఆ తర్వాతే కలపాలి. రెండూ ఒకేసారి కలిపితే గత్తంలో నత్రజని ఘాటు వాసనై గాల్లోకి పోతుంది. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు బాగా మాగిన గత్తం, ఒక పాలు ఇసుకో కొబ్బరి పొట్టో, ఒక గుప్పెడు వేపపిండి. మట్టిలో నత్త, పురుగు బెడద ఉంటే కొంచెం ఇప్పచెక్క (ఇప్పగింజల్లో నూనె తీశాక మిగిలే పిండి) కూడా. ఇప్పచెక్కని చెరువులో వేస్తే చేపలు తేలిపోతాయి, కాబట్టి చేపల తొట్టె దగ్గర చెయ్యి కడక్కండి. బలం మాత్రం దాన్లో తక్కువ. బలానికి వేరుశనగ చెక్క. వంద గ్రాములు రెండు లీటర్ల నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, పదింతలు నీళ్లు కలిపి పొయ్యాలి. వాసన సంగతి ముందే చెబుతున్నాను. మా కింది వాటా పిన్నిగారు ఎలక చచ్చిందనుకుని అటకంతా వెతికించారు.

మొక్క నాటిన నెల దాకా ఈ మట్టి చాలు. కొత్త ఆకులు జోరుగా వస్తున్నప్పుడు 19:19:19 లీటరు నీళ్లకి ఒక గ్రాము, పది రోజులకోసారి. వంటింటి చిన్న చెంచా సమంగా గీస్తే ఇంచుమించు ఐదు గ్రాములు, అంటే ఒక చెంచా ఐదు లీటర్ల బకెట్‌కి. ప్యాకెట్ మీద ఇంకా ఎక్కువ రాసి ఉంటుంది, అది పొలం లెక్క. మొగ్గ తొడిగాక 00:52:34 ఒక్కసారి, కాయ పడ్డాక 13:00:45. అంతే. యూరియా కుండీకి వద్దు. దాన్లో 46 శాతం నత్రజని, చిటికెడు ఎక్కువైతే ఆకులు నల్లటి పచ్చగా ఏపుగా పెరిగి పూత మాత్రం రాలిపోతుంది. ఎర్ర పొటాష్ కూడా వద్దు, దాన్లో క్లోరైడ్ ఉంటుంది. నేనే ఓసారి బద్ధకించి గుప్పెడు ఎర్ర పొటాష్ వంగ కుండీలో వేశాను. నాలుగో రోజుకి ఆకుల అంచులు కాలిన కాగితంలా అయ్యాయి.

ఇక ఒక తప్పు చాలామంది చేస్తారు, నేనూ చేశాను. టమాటా కాయల అడుగున నల్లమచ్చ వస్తుంటే కాల్షియం తక్కువని కాల్షియం నైట్రేట్ తెచ్చాను. ఎలాగూ పోస్తున్నాం కదా అని 00:52:34తో కలిపి ఒకే బకెట్‌లో చిక్కగా కలిపాను. చూస్తుండగానే నీళ్లు కుడితిలా తెల్లబడ్డాయి. కాసేపటికి అడుగున సున్నంలాంటి మడ్డి పేరుకుంది. కాల్షియం, భాస్వరం ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడిపోయాయి. పైసా పైసా బకెట్ అడుగునే. మెగ్నీషియం సల్ఫేట్‌తో కలిపినా ఇదే కథ, అక్కడ తేలేది జిప్సం. కాల్షియం నైట్రేట్‌ని ఎప్పుడూ విడిగా, వారం ఎడంతో పొయ్యండి. ఆ నల్లమచ్చ కూడా ఎక్కువసార్లు మట్టిలో కాల్షియం లేక కాదు. రెండు రోజులు ఎండగట్టి మూడో రోజు కుండ నిండా నీళ్లు పోస్తే కాల్షియం కాయ దాకా చేరదు. నీళ్లు వేళకి పొయ్యండి, సగం జబ్బు పోతుంది.

ఏం తక్కువైందో ఆకే చెబుతుంది. కింది ముదురాకులు మొత్తంగా పసుపైతే నత్రజని. ముదురాకుల్లోనే ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపైతే మెగ్నీషియం. లీటరుకి ఐదు గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ సాయంత్రం పూట ఆకుల మీద కొట్టండి. అదే గీతల పసుపు పైన లేతాకుల్లో కనిపిస్తే ఇనుము. ముదురాకు అంచు మాడితే పొటాష్. కొనకి మాత్రమే మాడి, కుండీ అంచున తెల్లటి పొక్కు కట్టిందా? అది ఆకలి కాదు, అజీర్తి. అప్పుడు ఇంకో మందు కోసం కొట్టుకి రాకండి. కుండీకి మూడింతల మంచినీళ్లు మెల్లగా పోసి కింది కంత నుంచి పేరుకున్న ఎరువు ఉప్పంతా పోనివ్వండి, రెండు వారాలు ఎరువు మానేయండి.

ఇక కౌంటరు మీద వరసగా పేర్చి ఉండే రంగు సీసాలు. సముద్రపు నాచు రసం, హ్యూమిక్ ఆమ్లం వేసినా తప్పులేదు, వేరు కాస్త చురుగ్గా ఉంటుంది, కానీ అవి తిండి కాదు. కడుపు నిండినవాడికి తాంబూలంలాంటివి. ట్రైకోడెర్మా, అజోస్పిరిల్లం ప్యాకెట్లలో ఉన్నవి ప్రాణమున్న సూక్ష్మజీవులు. గడువు తేదీ చూసుకోండి, ఎండలో పెట్టిన ప్యాకెట్ కొనకండి, శిలీంద్రనాశిని కొట్టిన వారంలో వెయ్యకండి. బోరాన్ జోలికి వెళ్తే తూకం లేకుండా వెళ్లకండి, కాస్త ఎక్కువైతే మొక్కకి విషమే. గుడ్డు పెంకులు మెత్తగా దంచితే మా పుల్లనేలలో కొంచెం పనికొస్తాయి. ముక్కలుగా వేస్తే ఏడాది తర్వాత కూడా ముక్కల్లాగే ఉంటాయి.

మా దగ్గర వానాకాలం వచ్చిందంటే లెక్కలన్నీ మారిపోతాయి. నాగావళి ఎర్రగా పారే రోజుల్లో కుండీలోంచి నత్రజని కూడా నీళ్లతో కారిపోతుంది. అప్పుడు మోతాదు సగం చేసి ఐదు రోజులకోసారి ఇవ్వండి, కుండీ కింద పళ్లెం తీసేయండి.

విప్పిన ప్యాకెట్లు కూడా ఆ నెలల్లోనే పాడవుతాయి. కాల్షియం నైట్రేట్ చెమ్మ పీల్చుకుని రాత్రికి రాత్రి నీరైపోతుంది. బిగుతు మూత డబ్బాలో పోసి పేరు రాసి పెట్టండి. వంటింట్లో మాత్రం వద్దు. మెగ్నీషియం సల్ఫేట్ చూడ్డానికి అచ్చం పంచదారే. మా ఆవిడ ఓ చెంచా టీలో వేసేసి, గ్లాసు మేనల్లుడి చేతికిచ్చేదాకా నేను చూడలేదు.